ఎంతకాలం?

పూర్తిగా నయం కాదని తేలిన జబ్బు ఇంట్లోకి వచ్చినప్పుడు అన్నిటికంటే ముందు పుట్టే ప్రశ్న ఒకటే: ఇంకెంతకాలం? పాలకొల్లు, నరసాపురం, భీమవరం వైపు ఆసుపత్రుల్లో ఈ ప్రశ్న రోగి నోట వినిపించడం అరుదు. రోగిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, రిపోర్టుల సంచీ పట్టుకుని లోపలికి వచ్చిన కొడుకో, అల్లుడో, తమ్ముడో గొంతు తగ్గించి అడుగుతాడు. ‘మాకు చెప్పండి డాక్టరుగారూ, ఆయనకి మాత్రం చెప్పకండి’ అన్న మాట దాని వెంటే వస్తుంది. డాక్టరు ఆరు నెలలనో, ఏడాదనో ఒక అంకె చెబుతాడు, లేదంటే ‘మన చేతుల్లో ఏముంది’ అని దాటవేస్తాడు. చెప్పిన అంకె ఆ రాత్రికల్లా చుట్టాలందరికీ తెలుస్తుంది. తెలియనిది రోగికి ఒక్కడికే.

ఆ అంకె మనిషిని చూసి పుట్టింది కాదు. అదే జబ్బుతో, అదే దశలో గతంలో ఆసుపత్రులకు వచ్చిన వందల వేల మంది లెక్కల నుంచి అది వస్తుంది. దాన్ని గణితంలో మధ్యగతం అంటారు. వంద మంది రోగులను వాళ్ళు బతికిన కాలాన్ని బట్టి తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా నిలబెడితే సరిగ్గా నడిమధ్యన ఉన్నవాళ్ళు బతికిన కాలమే మధ్యగతం. మధ్యగతం ఎనిమిది నెలలంటే సగం మంది ఎనిమిది నెలల లోపు పోయారని, మిగతా సగం మంది అంతకు మించి బతికారని అర్థం. ఎవరైనా సరిగ్గా ఎనిమిదో నెలలో పోతారని దానికి అర్థం కాదు. కానీ డాక్టరు గది దాటి బయటికి వచ్చేసరికి ఆ అంకె గడువుగా మారిపోతుంది. క్యాలెండరులో తేదీ వేసినట్టు ఇంటిల్లిపాదీ దానివైపు చూస్తూ రోజులు లెక్కపెడతారు.

హార్వర్డులో శిలాజాల శాస్త్రవేత్తగా పనిచేసిన స్టీఫెన్ జే గౌల్డ్‌కు 1982లో, నలభై ఏళ్ళ వయసులో, పొట్టలోని పొరకు వచ్చే మీసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్ బయటపడింది. గ్రంథాలయంలో వెతికితే మధ్యగతం ఎనిమిది నెలలని కనబడింది. అంకెలతోనే పనిచేసే మనిషి కావడం ఆయనకు ఆ రోజు మేలు చేసింది. వరుసకు ఎడమ కొస సున్నా దగ్గర ఆగిపోతుంది, అంతకు తక్కువ ఎవరూ బతకలేరు. కుడి కొసకు అలాంటి హద్దు లేదు, అది తోకలా ఏళ్ళ తరబడి సాగుతుంది. తన వయసు, జబ్బు తొందరగా దొరకడం, అందిన వైద్యం చూస్తే తాను ఆ తోకలో ఉండే అవకాశం తక్కువేమీ కాదని ఆయన లెక్క కట్టుకున్నాడు. 1985లో ఈ సంగతి ఒక వ్యాసంగా రాశాడు. ఆయన 2002 దాకా, అంటే మరో ఇరవై ఏళ్ళు బతికాడు, చివరికి పోయింది కూడా వేరే క్యాన్సర్‌తో. అందరూ గౌల్డ్‌లు కారు. ఆయన కథను చూపించి ‘మీకేం కాదు’ అని రోగిని మభ్యపెట్టడం తప్పు. ఎనిమిది నెలలన్న మాటలో ఎనిమిది రోజులూ, ఎనిమిదేళ్ళూ రెండూ ఇమిడి ఉంటాయని చెప్పడం వరకే ఆ ఉదాహరణ పనికొస్తుంది.

ఈ లెక్కల్లో మరో లోపం కూడా ఉంది. అవి నిన్నటి రోగుల లెక్కలు. వాళ్ళకు లేని మందు ఇవాళ ఉంటే వరుస మొత్తం కుడివైపు జరుగుతుంది. అలా జరిపినవాళ్ళలో ఒకరు పాలకొల్లు పక్కనే ఉన్న భీమవరంలో 1895 జనవరి 12న పుట్టారు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. రాజమండ్రిలో బడి చదువు, మద్రాసులో వైద్యవిద్య. ఆ రోజుల్లో స్ప్రూ అనే జబ్బు ఉండేది. పేగులు తిన్నది ఒంటికి పట్టించలేవు. మనిషి విరేచనాలతో, రక్తహీనతతో చిక్కి శల్యమైపోతాడు. సుబ్బారావు అన్నదమ్ముల్లో ఇద్దరు ఆ జబ్బుకే బలయ్యారు, ఆయనకూ అది వచ్చి తగ్గింది. 1923లో ఉష్ణమండల వ్యాధులు చదవడానికి అమెరికా వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, 1945 నాటికి తన బృందంతో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయించాడు. స్ప్రూ వల్ల వచ్చే రక్తహీనతకు అదే మందు. అన్నదమ్ములు పోయిన ఇరవై ఏళ్ళకు పైగా గడిచాక ఆ ఇంటి ప్రశ్నకు జవాబు దొరికింది.

అక్కడితో ఆగలేదు. కణాలు పెరగడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి కాబట్టి, దాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే పదార్థాన్ని ఇస్తే అదుపు తప్పి పెరిగే క్యాన్సర్ కణాలు ఆగుతాయన్న ఆలోచన బోస్టన్‌లో పిల్లల వైద్యశాలలో ఉన్న సిడ్నీ ఫార్బర్‌ది. ఆ పదార్థాలను, అంటే అమినాప్టెరిన్‌ను, తర్వాత మెథోట్రెక్సేట్‌ను తయారుచేసింది సుబ్బారావు బృందం. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించాడు. తీవ్రమైన రక్తక్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. వారాల్లో పోతారనుకున్న పిల్లలు లేచి ఆడుకున్నారు. మళ్ళీ కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు 53 ఏళ్ళకే నిద్రలో కన్నుమూశారు. ఆ మందు ఎంతదూరం పోతుందో చూసే గడువు ఆయనకు దొరకలేదు. ఇవాళ పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్తక్యాన్సర్‌కు మంచి వైద్యం అందే దేశాల్లో దాదాపు 90 శాతం మంది ఐదేళ్ళు దాటి బతుకుతున్నారు. ఆ చికిత్సలో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉంది.

ఈ కథను రెండు వైపుల నుంచీ చూడాలి. వైద్యంలో ఆశ పెట్టుకోవడానికి నిజమైన కారణాలు ఉన్నాయి, అంకెలు మారతాయి. అదే సమయంలో, 1948లో ఆ పది మంది పిల్లల తల్లిదండ్రులకు దక్కింది కొన్ని నెలలే. ‘కొత్త మందు వచ్చిందట’ అన్న మాట ఏ తరంలోనైనా ఆ రెంటి మధ్యా ఊగుతూ ఉంటుంది. పసరు మందుతో గడ్డ కరిగిపోతుందని చెప్పేవాళ్ళు ఆ ఊగిసలాటనే సొమ్ము చేసుకుంటారు. ఏ మందైనా సరే, ఎంత మందికి ఇచ్చారు, ఎంత మందికి తగ్గింది, ఎంతకాలం తగ్గింది అని అడిగితే జవాబు చెప్పగలగాలి. ఫార్బర్ చెప్పాడు, తిరగబెట్టిందని కూడా దాచకుండా చెప్పాడు.

అంకె సరైనదే అయినా దాన్ని ఎదుటి మనిషికి అన్వయించడంలో డాక్టర్లు పొరబడతారు. షికాగోలో నికొలస్ క్రిస్టాకిస్, ఎలిజబెత్ లామంట్ చేసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో చివరి దశలో ఉన్న 468 మంది రోగులు ఎంతకాలం బతుకుతారని వాళ్ళ డాక్టర్లనే అడిగారు. దగ్గరగా సరిపోయిన అంచనాలు 20 శాతమే. 63 శాతం అంచనాల్లో డాక్టరు ఉన్నదానికంటే ఎక్కువ కాలం చెప్పాడు. మొత్తం మీద చూస్తే ఐదు రెట్లకు పైగా ఎక్కువ చెప్పారు. రోగిని ఎంత ఎక్కువ కాలంగా ఎరిగి ఉంటే పొరపాటు అంత ఎక్కువగా ఉంది. అభిమానం లెక్కను వంచుతుందన్నమాట. ఇరవై ఏళ్ళుగా ఆ కుటుంబానికి సూది వేసిన ఊరి డాక్టరు ‘ఫరవాలేదండి’ అంటే అందులో వైద్యం కంటే మమకారం పాలు ఎక్కువ ఉండవచ్చు.

అయితే అంచనా వేయడమే దండగా అంటే కాదు. గోదావరి లంకల్లో ఉండేవాళ్ళకు ఇది విడిగా చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. భద్రాచలం దగ్గర నీరు పెరిగిన వార్త దానికంటే ముందే వస్తుంది. యలమంచిలి మండలం కనకాయలంకలో ఏ ఇంటి అరుగు దాకా నీరు వస్తుందో ఆ అంకెలు చెప్పలేవు. ఎగువన వాన ఆగితే వరద తగ్గిపోవచ్చు, 1986 ఆగస్టులోలా ఎవరూ ఊహించనంత రావచ్చు. అయినా మొదటి హెచ్చరికకే గొడ్లను గట్టుకు తోలతారు, రెండోదానికి బియ్యం, కాగితాలు పైన పెడతారు, ముసలివాళ్ళను, నిండు చూలాళ్ళను ముందుగా ఒడ్డుకు చేరుస్తారు. వరద రాలేదని తర్వాత ఎవరూ పశ్చాత్తాపపడరు. జబ్బు అంచనా కూడా ఇలాగే వాడుకోవలసింది. తేదీ అడిగితే డాక్టరు చెప్పలేడు. ‘ఏళ్ళలో మాట్లాడుకునే పరిస్థితా, నెలల్లోనా, వారాల్లోనా, రోజుల్లోనా?’ అని అడిగితే చాలావరకు చెప్పగలడు. ఆ నాలుగు మాటల్లో ఒక్కోదానికి ఇంట్లో చేయవలసిన పని వేరుగా ఉంటుంది. డాక్టర్లు తమను తాము వేసుకునే ఇంకో ప్రశ్న ఉంది: ‘ఈ మనిషి ఏడాదిలోపు పోతే నాకు ఆశ్చర్యం కలుగుతుందా?’ కలగదు అనిపిస్తే మాట్లాడుకోవలసిన సమయం వచ్చిందన్నమాట.

జబ్బును బట్టి దారి కూడా మారుతుంది. క్యాన్సర్‌లో మనిషి చాలాకాలం తన పనులు తాను చేసుకుంటూ ఉండి, చివరి కొన్ని వారాల్లో తొందరగా దిగిపోతాడు. గుండె బలహీనపడిన వాళ్ళు, ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్ళు ఆయాసంతో ఆసుపత్రికి వెళ్ళి తేరుకుని వస్తూ ఉంటారు. ప్రతిసారీ మునుపటి కంటే ఒక మెట్టు కిందికే తేరుకుంటారు. ఏ రాక చివరిదో ముందు తెలియదు. నాలుగుసార్లు గండం గడిచింది కాబట్టి ఐదోసారీ గడుస్తుందని ఇంటివాళ్ళు నమ్ముతారు. మరణం వచ్చినప్పుడు ‘మొన్నటిదాకా బాగానే ఉన్నాడు కదా’ అని దిగ్భ్రాంతి చెందేది ఎక్కువగా ఈ ఇళ్ళలోనే. పెద్ద వయసు, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళది మూడో దారి, ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తరుగుతుంది. క్యాన్సర్‌కు దొరికే జాలి, సెలవు, సాయం మిగతా రెంటికీ దొరకవు, భారం మాత్రం అక్కడా తక్కువ కాదు.

ఇక రోగికి చెప్పాలా వద్దా అన్నది. తెలుగు ఇళ్ళలో దాచడం ప్రేమతో చేసే పని. ‘తట్టుకోలేడు’, ‘బెంగతోనే పోతాడు’ అన్న భయం దాని వెనక ఉంటుంది. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. అయినా రోగికి తెలియకుండా ఉండేది కొద్దికాలమే. కరెంటు (రేడియేషన్) పెట్టే గది ముందు, కీమో ఎక్కించే వార్డులో పక్క మంచాలవాళ్ళు ఏ జబ్బువాళ్ళో కళ్ళకు కనబడుతుంది. అడగకపోయినా పలకరించడానికి వచ్చే చుట్టాల సంఖ్య పెరుగుతుంది. మనవరాలి పెళ్ళి ముహూర్తం ఉన్నట్టుండి ముందుకు జరుగుతుంది. తనకు తెలుసని ఇంట్లోవాళ్ళకు తెలియకూడదని రోగి నటిస్తాడు, ఆయనకు తెలియదని వీళ్ళు నటిస్తారు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒంటరివాళ్ళవుతారు. చేను ఎవరి పేర పెట్టాలో, ఎవరితో మాట పోయిందో, ఎవరిని చూడాలనుందో చెప్పుకోవలసిన వారాలు ఆ నటనలో పోతాయి.

దాచడానికి ఇంకో ఖరీదు ఉంది. 2012లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో, శరీరమంతా పాకిన క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్నవాళ్ళలో ఊపిరితిత్తుల రోగులు 69 శాతం మంది, పెద్దపేగు రోగులు 81 శాతం మంది ఆ మందుతో జబ్బు నయమయ్యే అవకాశం లేదని గ్రహించలేదు. ఏ ఫలితం కోసం వాంతులు, నీరసం భరిస్తున్నారో తెలియకుండానే భరిస్తున్నారు. నయం కోసం కాక కొన్ని నెలల కోసం అని తెలిస్తే కొందరు ఆనందంగా తీసుకుంటారు, కొందరు వద్దంటారు. ఆ ఎంపిక వాళ్ళది.

చెప్పే పద్ధతి నేర్చుకుంటే వచ్చేదే. ముందు ‘మీ జబ్బు గురించి మీకేమనిపిస్తోంది?’ అని అడిగి వినాలి. ‘రిపోర్టుల సంగతి మీరే వింటారా, అబ్బాయికి చెప్పమంటారా?’ అని అడగాలి. కొంతమంది పెద్దవాళ్ళు ‘వాడికే చెప్పండి’ అంటారు, అప్పుడు అదే పాటించాలి. తెలుసుకోవాలనుకున్నవాళ్ళకు ముక్కముక్కగా చెప్పాలి, చెప్పిందంతా ఒకేసారి ఎక్కదు. ‘మేం చేయగలిగింది ఏమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళిపోండి’ అన్న వాక్యం మాత్రం ఏ డాక్టరూ అనకూడనిది. నిజానికి ఆ రోజు నుంచే చేయవలసింది మరింత ఉంటుంది.

ఎలిసబెత్ కూబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో ప్రచురించిన పుస్తకంలో మరణం ముందు నిలబడిన మనిషి మనసు నడిచే దశలను ఐదుగా చెప్పింది: నమ్మకపోవడం, కోపం, బేరం, కుంగుబాటు, ఒప్పుకోలు. తర్వాతి పరిశోధకులు ఇవి వరుస మెట్లు కావని తేల్చారు. ఒకే రోజులో పొద్దున ఒప్పుకోలు, మధ్యాహ్నం కోపం, రాత్రి బేరం రావచ్చు. బేరం అన్నదాన్ని తెలుగువాళ్ళు వెంటనే గుర్తుపడతారు, దాని పేరు మొక్కు. పాలకొల్లు క్షీరారామం శివాలయం పుట్టుక వెనక ఉన్న తారకాసురుడి కథలో కూడా బేరమే ఉంది. చావే లేకుండా వరం అడిగి, అది కుదరక, శివుడి కొడుకు చేతిలో తప్ప చావు రాకుండా అడుగుతాడు. వాడి గొంతులోని లింగం ఐదు ముక్కలై పడిన చోట్లే పంచారామాలని నమ్మిక. తలనీలాలు మొక్కుకున్న మనిషి నిజాన్ని కాదంటున్నాడని అనుకోనక్కరలేదు. మొక్కు మొక్కుకుంటూనే వీలునామా రాయించే వాళ్ళు ఈ జిల్లాల్లో ఎప్పుడూ ఉన్నారు. ఆ రెండు పనులూ ఒకే మనసు చేయగలదు.

చావు కంటే నొప్పికి ఎక్కువ భయపడతామని చాలామంది రోగులు చెబుతారు. ఈ భయానికి వైద్యం దగ్గర నిజమైన జవాబు ఉంది. 1967లో లండన్‌లో చివరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను తెరిచిన సిసిలీ సాండర్స్, నొప్పి ఒంటిదే కాదని, అందులో మనసుది, డబ్బుది, బంధాలది, భగవంతుడిపై అలకది కూడా కలిసి ఉంటుందని చెప్పింది. ఒంటి నొప్పికి ఆమె వాడింది నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్. నొప్పి వచ్చాక కాకుండా, రాకముందే, వేళ ప్రకారం ఇవ్వడం ఆమె పద్ధతి. మామూలు మార్ఫిన్ పని సుమారు నాలుగు గంటలు ఉంటుంది కాబట్టి నాలుగు గంటలకోసారి ఇస్తారు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నొప్పిని బట్టి పెంచుతారు. మొదట్లో వికారం, మగత ఉండి తగ్గిపోతాయి. మలబద్ధకం తగ్గదు, అందుకే విరేచనానికి మందు మొదటి రోజు నుంచే జతచేయాలి. క్యాన్సర్ నొప్పికి డాక్టరు పర్యవేక్షణలో వాడితే వ్యసనం కావడం అరుదు. ‘మార్ఫిన్ మొదలుపెట్టారంటే అయిపోయినట్టే’ అన్న నమ్మకం వల్ల ఎన్నో నెలల నొప్పిని రోగులు అనవసరంగా భరిస్తున్నారు. అది మొదలుపెట్టాక లేచి గుడికి, చర్చికి, చేనుగట్టుకు వెళ్ళినవాళ్ళు ఉంటారు.

ఈ దేశం చట్టబద్ధంగా నల్లమందు పండిస్తుంది. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తెచ్చిన లైసెన్సుల చిక్కుతో ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. కేరళలో ఎం.ఆర్. రాజగోపాల్ వంటి వైద్యుల ఏళ్ళ పోరాటం తర్వాత 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు తేలిగ్గా తెచ్చుకునే ఏర్పాటు చేశారు. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి తెలుగునాట నొప్పిని, బాధను తగ్గించే ఈ ఉపశమన వైద్యానికి ముఖ్యమైన కేంద్రంగా ఎదిగింది. పాలకొల్లు లాంటి పట్టణాల్లో మాత్రం రోగి ఇంటివాళ్ళు ‘నొప్పికి మార్ఫిన్ ఎక్కడ దొరుకుతుంది?’ అని క్యాన్సర్ ఆసుపత్రి నుంచి బయలుదేరేముందే అడిగి తెలుసుకోవాలి.

ఉపశమన వైద్యం చికిత్సకు ప్రత్యామ్నాయం అనుకోవడం ఇంకో అపోహ. బోస్టన్‌లో జెన్నిఫర్ టెమెల్ బృందం 2010లో ప్రచురించిన పరిశోధనలో, ఊపిరితిత్తుల క్యాన్సర్ పాకిన 151 మందిలో కొందరికి మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచీ ఉపశమన వైద్యం ఇచ్చారు. వాళ్ళకు కుంగుబాటు తక్కువ, చివర్లో కఠినమైన చికిత్సలు తక్కువ. బతికిన కాలం మధ్యగతం మాత్రం 11.6 నెలలు, మామూలు చికిత్స ఒక్కటే అందినవాళ్ళకు 8.9 నెలలు.

యంత్రాల మీద ఎంతదూరం వెళ్ళాలన్నది కూడా ఆరోగ్యం కొంత నిలకడగా ఉన్నప్పుడే తేల్చుకోవలసింది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా మరణించడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. కోలుకునే ఆశ లేని స్థితిలో వెంటిలేటర్ వంటివి వద్దని మనిషి ముందుగా రాసి పెట్టవచ్చు. 2023 జనవరిలో పద్ధతిని సులువు చేశారు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువీకరించుకుంటే చాలు. అమలు చేసేముందు రెండు వైద్య బోర్డులు పరిశీలిస్తాయి. మందు ఇచ్చి ప్రాణం తీయడాన్ని ఈ తీర్పు అనుమతించదు. కాగితం లేకపోయినా, తాను ఎక్కడ పోవాలనుకుంటున్నాడో, ఐసీయూలోనా, ఇంట్లో నడవా పక్క గదిలోనా అన్నది రోగి నోటి నుంచి ఒక్కసారి విని ఉంటే అర్ధరాత్రి అంబులెన్సు పక్కన నిలబడిన కొడుకు మీద ఆ నిర్ణయం ఒంటరిగా పడదు.

చివరి రోజుల్లో శరీరంలో జరిగేది చాలా జబ్బుల్లో ఒకేలా ఉంటుంది. మనిషి తినడం మానేస్తాడు. తినకపోవడం వల్ల పోతున్నాడని ఇంట్లోవాళ్ళు బాధపడి ముద్దలు కుక్కుతారు, సెలైన్ పెట్టించమంటారు. నిజానికి శరీరం మూతబడుతోంది కాబట్టి ఆకలి పోయింది. మింగలేని నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. తడిబట్టతోనో దూదితోనో నోరు, పెదవులు తడుపుతూ ఉంటే చాలు, తులసి తీర్థమైనా చుక్కగానే పోయాలి. నిద్ర పెరుగుతుంది. చేతులు, కాళ్ళు చల్లబడి చర్మం మీద నీలి మచ్చలు తేలుతాయి. గొంతులో చేరిన తేమ వల్ల గురగుర వినిపిస్తుంది. చూసేవాళ్ళకు భయంగా ఉన్నా రోగికి అది బాధగా ఉండకపోవచ్చు, పక్కకు తిప్పి పడుకోబెడితే తగ్గుతుంది. ఊపిరి వరుసగా వేగం పుంజుకుని, తగ్గి, కొన్ని సెకన్లు పూర్తిగా ఆగి మళ్ళీ మొదలవుతుంది. ఆ ఎడం పెరుగుతూ పోతుంది. అప్పుడు కూడా ‘ఈ రాత్రి దాటుతుందా?’ అంటే గంటలు కావచ్చు, ఒకటి రెండు రోజులు కావచ్చు అని తప్ప ఎవరూ ఖాయంగా చెప్పలేరు.

2020లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక హాస్పిస్‌లో, పలకని స్థితికి చేరిన కొందరు రోగుల తలకు తీగలు అమర్చి శబ్దాలు వినిపించారు. చివరి గంటల్లో కూడా వాళ్ళలో కొందరి మెదడు శబ్దానికి స్పందించింది. మాటలు అర్థమయ్యాయో లేదో ఆ పరికరం చెప్పలేదు. వినికిడి ఇంకా ఉన్నట్టే భావించి మాట్లాడటానికి అది చాలు. కాబట్టి ఆస్తుల గొడవ, దహనం ఏర్పాట్లు మంచం దగ్గర మాట్లాడకూడదు. హైదరాబాదులోనో, విదేశంలోనో ఉన్న పిల్లలకు ‘గంటల్లో’ అన్న మాట వచ్చాక కాదు, ‘రోజుల్లో’ అన్న మాట వచ్చినప్పుడే కబురు పెట్టాలి. నరసాపురం వచ్చే రాత్రి రైలు అందనివాళ్ళ కోసం ఫోను ఆ మనిషి చెవి దగ్గర పెట్టవచ్చు.